గోల్ ఘర్ మెట్ల మీద చేపల వేపుడు

జంగ్లీఘాట్ అత్త చనిపోయిందన్న కబురు నాకు గరాచర్మ బస్టాపులో అందింది. నేను పనిచేసే బడికి వెళ్ళడానికి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోను చేసింది చేపల మార్కెట్లో ఆమె పక్కనే కూర్చుని అమ్మే అమ్మాయి. "దీదీ, అత్త చలీ గయీ," అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. ఎక్కడికి వెళ్ళిందని అడిగాను. ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ, "అరే, ఎక్కడికీ కాదు దీదీ. పొద్దున్న పడవల మాల్ దిగింది. తట్ట నింపుకుంది. చాయ్ తాగుతానని కూకుంది. గ్లాసు కింద పెట్టి గోడకి ఆనుకుంది, బస్, అంతే," అంది.

బడికి రానని చెప్పి జంగ్లీఘాట్ బస్సెక్కాను. దారంతా నాకు ఒకటే ఆలోచన. పొద్దున్నే తట్ట నింపుకుని, టీ తాగి, ఎవరి చేతా ఒక్క పని చేయించుకోకుండా వెళ్ళిపోవడం ఆమెకే చెల్లింది.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా జంగ్లీఘాట్‌లో ఎవరూ గుర్తుపట్టరు. ఆమె నాకు బంధువు కాదు, మా ఆయన వైపు చుట్టమూ కాదు. మేము అద్దెకున్న ఇంటికి పక్కిల్లు ఆమెది. తెలుగువాళ్ళతో పాటు కిళ్ళీ కొట్టు బెంగాలీ ఆయన, టీ దుకాణం నడిపే మలయాళీ పెద్దాయన, రాంచీ నుంచి వచ్చిన కూలీలు, అందరూ ఆమెను అత్తా అనే పిలిచేవారు. ఆ మాటకు అర్థం తెలియని వాళ్ళు అదే ఆమె పేరనుకున్నారు. ఒకసారి ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునే గుమస్తా వచ్చినప్పుడు ఆమె మార్కెట్లో ఉంది. పక్కవాళ్ళను అడిగి అతను కాగితం మీద 'అత్తా దేవి' అని రాసుకుపోయాడు. నేను దిద్దించమంటే ఆమె నవ్వింది. "ఉండనీయే పిల్లా. దేవి అన్నాడు గదా, తప్పేటన్నాడు?" అంది.

నేను జంగ్లీఘాట్‌కు వచ్చింది సునామీకి ముందటేడు. విజయనగరం దాటి ఎరగని నేను, పెళ్ళయిన నెలకు విశాఖపట్నంలో ఓడెక్కి, మూడు రోజులు కక్కుకుంటూ పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. మా ఆయన పడవల మరమ్మతు షెడ్డులో ఫిట్టరు. రేవుకు దగ్గరని జంగ్లీఘాట్‌లో రెండు గదులు తీసుకున్నారు. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే నాకు తెలిసిన మొదటి సంగతి వాసన. తలుపు వేసినా, కిటికీ వేసినా, బియ్యం డబ్బా మూత తీసినా చేపల వాసన. రెండు రోజులు ముక్కుకు చీరకొంగు కట్టుకుని తిరిగాను.

మూడో రోజు పొద్దున్న ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే, నెత్తి మీద చుట్టకుదురు, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర, చేతిలో రెండు ఖాళీ బిందెలతో ఒకావిడ.

"కొత్త కోడలివేటే? నీళ్ళు పట్టేవా?"

"ఏ నీళ్ళండీ?"

"ఏ నీళ్ళంటే? ఇయాల ఇడిసినారు. మల్లీ మూడ్రోజుల దాకా రావు. సుట్టూ సముద్రమే గానీ తాగడానికి గుక్కెడు ఉండదిక్కడ. బేగి రా. ముక్కుకి గుడ్డ తరవాత కట్టుకుందువు."

కుళాయి దగ్గర పెద్ద వరస. అందరూ హిందీలో కేకలేసుకుంటున్నారు. ఆమె నన్ను ముందుకు తోసి, "నయా బహూ హై, మేరే బాజూ వాలీ. ఆజ్ పహలే ఇస్కో దో," అంది. పక్కింటి కొత్త కోడలు, ముందు దీనికివ్వండన్న ఆ ఒక్క మాటతో నేను జంగ్లీఘాట్ మనిషినయ్యాను. ఆ పూట నాకు దక్కిన రెండు బిందెల నీళ్ళూ ఆమె వంతువే. ఆ సంగతి నాకు వారం తర్వాత గాని తెలియలేదు.

జంగ్లీఘాట్ కథ నేను ఆమె నోటనే విన్నాను. ఆమె మామగారు కళింగపట్నం దగ్గర ఒక పల్లె నుంచి ఒక వల, ఒక తెడ్డు పట్టుకుని ఓడెక్కి వచ్చాడట. అప్పుడు రేవంతా బురద, మడచెట్లు. వెదురు తడికెలతో గుడిసెలు వేసుకున్నారు. ఒక పల్లెవాళ్ళంతా ఒక సందు. మరో పల్లెవాళ్ళది పక్క సందు. పైన గుట్ట మీద గోల్ ఘర్‌లో ఆఫీసుల వాళ్ళు, దుకాణదారులు. కింద నీళ్ళ అంచున చేపలవాళ్ళు. తర్వాత తడికెలు పోయి చెక్క గోడలు, రేకులు వచ్చాయి. మడచెట్లు నరికిన చోట పడవలు దిగే గట్టు వచ్చింది. మధ్యలో ఒక తమిళుల కిరాణా కొట్టు, ఒక టీ దుకాణం, ఒక చిన్న గుడి, కాస్త దూరంలో మసీదు. ఊళ్ళో ఎక్కువ ఇరుకుగా ఉండేదీ, ఎక్కువ గొడవ జరిగేదీ, ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే ముందుగా తెలిసిపోయేదీ ఇక్కడే.

"ఎవలికాళ్ళు సూసుకుంటే ఇల్లు సాలు, గాట్ ఎందుకే?" అనేది ఆమె. గాట్ అంటే ఆమె లెక్కలో రేవు, సందులు, కుళాయి, మనుషులు, అన్నీ కలిపి.

చేపలు అమ్మడంలో ఆమె పద్ధతి వేరు. "చేపలో" అని అరవదు. ఏ ఇంటికి ఏ చేప ఇష్టమో ఆమెకు కంఠతా వచ్చు. గోల్ ఘర్ మెట్లెక్కుతూ "కానాగంతలమ్మా!" అంటే ఒక ఇంటి తలుపు తీసేవారు. "ఓ వంజరం బాబూ!" అంటే ఇంకో ఇంట్లోంచి ఎవరో గిన్నె పట్టుకొచ్చేవారు. నన్ను 'నెత్తళ్ళ పిల్లా' అనేది, ముల్లు తీయడం చేతకాక చిన్న చేపలే కొనేదాన్నని. నిన్నటి చేప ఎంత బాగున్నా తట్టలో పెట్టేది కాదు. "ఆళ్ళు నా మొకం సూసి కొంటన్నారే, సేప మొకం సూసి కాదు," అనేది. ఆ మాట బరువు నాకు తర్వాత తెలిసింది.

ఆమె భర్తను మేమంతా మావయ్య అనేవాళ్ళం. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన సముద్రం నుంచి వస్తే ఆమె గట్టు మీద నిలబడి ముందు పడవలోకి చూసి, ఆ తర్వాత ఆయన కేసి చూసేది. "సేపలున్నాయా అని సూత్తాది గానీ మొగుడున్నాడా అని సూడదు," అని ఆయన వేళాకోళం చేసేవాడు. ఆ డిసెంబరులో ఆయన ఇంకొకరి పెద్ద బోటు మీద దక్షిణపు దీవిలోని హట్ బే వైపు వేటకు వెళ్ళాడు. అక్కడి రేవులో క్రిస్మస్ చూసుకుని వస్తామని చెప్పి వెళ్ళారు.

క్రిస్మస్ మర్నాడు ఆదివారం. పొద్దున్నే భూమి కదిలింది. నాకు అప్పుడు ఐదో నెల. మంచం మీద నుంచి లేవబోయి కింద పడ్డాను. గోడ మీది గిన్నెలన్నీ ఒక్కసారి నేల మీదికి వచ్చాయి. అందరం సందులోకి పరుగెత్తాం. కాసేపటికి ఊగడం ఆగింది. జనం నవ్వుకోవడం కూడా మొదలుపెట్టారు. మా ఆయన షెడ్డులో ఏమైందో చూసొస్తానని వెళ్ళారు. నేను ఇంట్లోకి వచ్చి గిన్నెలు ఏరుతున్నాను.

అత్త ఆ సమయానికి గట్టు మీద ఉంది. నీళ్ళు మెట్టు తర్వాత మెట్టు ఎక్కడం, పోటు వేళ కాకుండానే పైకి రావడం, ఆగకపోవడం ఆమె కళ్ళారా చూసింది. తట్ట అక్కడే పారేసి సందు మొదటి నుంచి చివరి దాకా తలుపులు బాదుకుంటూ వచ్చింది. "పైకి! పైకి ఎల్లండి! ఊపర్ భాగో!" ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది. నేను గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. ఆమె లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఈడ్చింది.

"గాస్ ఆపలేదత్తా," అన్నాను.

"గాస్ సముద్రం ఆపుతాది, నడు!"

గోల్ ఘర్ ఎత్తు రోడ్డు ఎక్కేటప్పటికి మా వెనక సందులో నడుము లోతు నీళ్ళు. వెనక్కి తిరిగి చూస్తే, పడవలు ఒకదాని మీద ఒకటి పడి రోడ్డు మీదికి కొట్టుకొస్తున్నాయి. నీళ్ళు వెనక్కి వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. మా సందులో ఆ రోజు ఒక్క ప్రాణం పోలేదు. అది ఆమె వల్లనే. ఈ మాట నేను ఏ సందేహమూ లేకుండా రాస్తున్నాను.

మమ్మల్ని గుట్ట మీద ఒక బడిలో ఉంచారు. మా ఆయన సాయంత్రానికి క్షేమంగా వచ్చారు. అందరూ ఒకరినొకరు వెతుక్కుంటున్నారు. రెండో రోజు నుంచి హట్ బే, నికోబార్ వైపు నుంచి మనుషులతో ఓడలు రావడం మొదలైంది. ప్రతి ఓడకూ అత్త హడ్డో రేవుకు నడిచి వెళ్ళేది. నేనూ రెండుసార్లు వెళ్ళాను. దిగే వాళ్ళ ఒళ్ళంతా గాయాలు, ఉప్పు. ఆమె గేటు పక్కన నిలబడి ఒకటే అడిగేది. "జంగ్లీఘాట్ మనుసులెవలైనా ఉన్నారా? జంగ్లీఘాట్ కా కోయీ హై?" భర్త పేరు ఆమె నోటితో పలకదు. కానీ అందుకే అలా అడిగిందనుకుంటే పొరపాటు. వచ్చిన ప్రతి జంగ్లీఘాట్ మనిషినీ వెంటబెట్టుకుని బడికి తీసుకొచ్చేది. అలా ఆమె తెచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో ఆయన లేడు.

ఆరో రోజో ఏడో రోజో ఆ బోటులో వెళ్ళిన కుర్రవాడు ఒకడు దిగాడు. చెయ్యి విరిగింది. అత్తను చూసి అక్కడే నేల మీద కూలబడ్డాడు. "అత్తా, బోటు జెట్టీకి కట్టి ఉంది. మావయ్య లోపల వల సర్దుతున్నాడు. నేను ఒడ్డు మీద ఉన్నాను. తరవాత బోటు లేదు, జెట్టీ లేదు. ఎంతో వెతికాను, మైనే బహుత్ ఢూండా అత్తా," అని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె అతని పక్కన కూర్చుంది. తర్వాత, "ఎప్పుడు తిన్నావురా?" అని అడిగింది. అతన్ని లేపి నడిపించుకు వచ్చింది.

మూడు వారాల తర్వాత కిందికి వచ్చాం. ఇళ్ళలో బురద, గోడల మీద నడుము ఎత్తున చార. దానికంటే వింత ఏమిటంటే, సముద్రం పాత చోటుకు తిరిగి వెళ్ళలేదు. భూమే కుంగిందన్నారు. పోటు వేళకు సందు మొదట్లో నీళ్ళు నిలబడేవి. అలాంటి చోట ఉండడం ఎందుకు, ఊరికి దూరంగా వేరే చోటు చూపిస్తామని ఆఫీసుల వాళ్ళు అన్న మాటలూ వినపడ్డాయి.

మగవాళ్ళు మిగిలిన చెక్కలతో మూడు చిన్న డింగీ పడవలు బాగు చేసుకున్నారు. మా ఆయన ఇంజన్లు విప్పి ఉప్పు కడిగి మళ్ళీ బిగించారు. జనవరి చివర మొదటిసారి వేటకు వెళ్ళారు. అంతకాలం ఎవరూ వల వేయలేదు కదా, చేపలు విరగబడ్డాయి. గట్టు మీద కానాగంతలు కుప్పలు పోశారు. ఆడవాళ్ళు తట్టలు నింపుకుని పైకి వెళ్ళారు.

మధ్యాహ్నానికి అందరూ నిండు తట్టలతో తిరిగి వచ్చారు. ఒక్క చేప ఎవరూ కొనలేదు. సముద్రంలో అంతమంది పోయారు, ఆ చేపలు ఏం తిన్నాయో అన్న మాట ఊరంతా పాకిపోయింది. గోల్ ఘర్‌లోనే కాదు, హడ్డోలో, డెలానిపూర్‌లో, ఎక్కడా తలుపు తీయలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు చేపల్ని గుంత తీసి పూడ్చారు. సొంత చేతులతో పట్టిన చేపను మన్నులో కప్పుతూ ఒక పెద్దాయన బాహాటంగా ఏడ్చాడు.

ఆ సాయంత్రం గట్టు మీద అందరూ చేరారు. "కొనేవాడే లేకపోతే ఇక్కడేం చేస్తాం? ఓడల్లో జాగా దొరికితే మెయిన్‌లాండ్ పోదాం," అన్నాడొకడు. ఇంకొకడు, "ఆళ్ళు చూపిత్తామన్న చోటికి పోదాం. కూలి చేసుకుందాం," అన్నాడు. చాలామంది తలలూపారు. జంగ్లీఘాట్ ఆ సాయంత్రంతో అయిపోయేదే. అత్త ఒక్కతే వల కుప్ప మీద కూర్చుని వింటోంది. చివరికి లేచి, "రేపు నాకొక తట్ట ఒగ్గండి. మంచివి ఏరి," అంది.

ఒకాయన చిరాకుపడ్డాడు. "ఏం చేస్తావే, నువ్వొక్కదానివీ?"

"అమ్ముతాను. అదేగదా నాకొచ్చిన పని."

ఇంటికి వచ్చాక ఆమె, పూడ్చకుండా ఉంచిన నాలుగు చేపలు వేయించి ఒక పళ్ళెంలో పెట్టి మా గుమ్మంలోకి తెచ్చింది. ఇక్కడ నేను దాచకుండా రాయాలి. నన్ను నీళ్ళ నుంచి లాక్కెళ్ళిన చెయ్యి అది. ఆ చేతిలో పళ్ళెం చూసి నేను ఒకడుగు వెనక్కి వేశాను. "నాకొద్దత్తా. కడుపుతో ఉన్నాను," అన్నాను. కడుపుతో ఉన్నందుకు కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. "సరే పిల్లా. తినాలనిపించినప్పుడు తిందువు," అని పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయింది.

తెల్లవారేసరికి నా మీద నాకే సిగ్గు పుట్టింది. ఆమె తట్ట ఎత్తుకుంటుంటే కిరసనాయిలు స్టవ్వు, పెనం, నూనె సీసా ఉన్న సంచి నేను పట్టుకున్నాను. ఆమె వద్దనలేదు.

గోల్ ఘర్‌లో ఒక ఇనుప సామాన్ల షావుకారుగారి ఇల్లు ఉంది. వాళ్ళు మా వైపు తెలుగువాళ్ళే, రెండు తరాల క్రితం వచ్చారు. రోడ్డు మీదికి వెడల్పాటి మెట్లు. ఆ ఇల్లాలు అత్తను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తా, నీ సంగతి విన్నాం. మావయ్య గురించి... ఏం చెప్పను? కానీ చేప మాత్రం వద్దు. భయం, డర్ లగ్తా హై. ఇంట్లో ఎవరూ ముట్టట్లేదు."

"నాను కొనమన్నేదమ్మా. ఈ మెట్టు మీద కూకుని నా వొంట నాను సేసుకుంటాను. ఒక సెంబుడు నీళ్ళిత్తావా?"

నీళ్ళిచ్చింది. ఇవ్వకుండా ఎలా ఉంటుంది? అత్త కత్తిపీట వేసుకుని కూర్చుంది. ఒక పెద్ద చేపను తీసి, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనపడేలా దాని పొట్ట చీల్చింది. లోపలిదంతా ఒక ఆకు మీద పరిచింది. "సూడమ్మా. ఇటు రా, బయపడకు. ఏటుంది? సిన్న సేప. ఇది నాచు. ఇది రొయ్య తోలు. సేప ఏటి తింటాదో నలబై ఏళ్ళ నుంచి నా సేత్తో సూత్తన్నాను. దేఖో భయ్యా, ఆవో, దేఖో!" అలా ఒకటి తర్వాత ఒకటి ఐదారు చేపలు చీల్చింది. పది మంది మూగారు. తర్వాత ఉప్పూ కారం రాసి, నేను వెలిగించిన స్టవ్వు మీద వేయించి, వేడివేడిగా నోట్లో పెట్టుకుంది. నిదానంగా, ముల్లు తీసుకుంటూ, ఒక పూర్తి చేప తినేసింది.

గుంపులోంచి ఒక మగ గొంతు వినపడింది. "నీ మొగుడు ఆ సముద్రంలోనే ఉన్నాడు కదే! నీకు ముద్ద ఎలా దిగుతోంది?"

అత్త తల ఎత్తి ఆ మనిషిని చూసింది. కోపం లేదు.

"ఉన్నాడు బాబూ. ఆయన పదేళ్ళ గుంటడప్పుడు వల పట్టినాడు. ఆయన పట్టిన సేప తిని ఈ గోల్ ఘర్‌లో ఎంతమంది పిల్లలు పెరిగినారో నాకు తెలుసు. నువ్వూ తినే ఉంటావు. ఆ సేప ఇయాల పాడని నాను ఒప్పుకుంటే, ఆయన బతుకంతా సేసిన పని పాడని ఒప్పుకున్నట్టే. నానొప్పుకోను."

అయినా ఎవరూ కొనలేదు. మధ్యాహ్నం తట్ట ఎత్తుకుని దిగి వచ్చేశాం.

ఇప్పుడు రాసేది ఇరవై ఏళ్ళుగా నేను ఎవరికీ చెప్పనిది. ఆ సాయంత్రం మజ్జిగ ఇద్దామని ఆమె ఇంటి వెనక్కి వెళ్ళాను. ఆమె గోడ పట్టుకుని వంగి వాంతి చేసుకుంటోంది. పొట్టలో ఏమీ మిగలని దాకా చేసుకుంది. నేను వీపు నిమిరాను. ఆమె మొహం కడుక్కుని నా వైపు తిరిగింది. "నోరు ఒప్పుకున్నాదే పిల్లా. కడుపు ఒప్పుకోనేదు," అంది. తర్వాత నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "ఎవలికీ సెప్పకు. తెలిత్తే ఎవలూ కొనరు," అంది.

"అత్తా, రేపు వెళ్ళకు. ఇంకెవరినైనా పంపుదాం," అన్నాను.

"ఇంకెవలు తింటే నమ్ముతారే? మొగుడు పోయిందాన్ని, నాను తింటేనే నమ్ముతారు."

ఆమెకు ఆ భయం లేదని, ఆ ఏవగింపు లేదని అందరూ అనుకున్నారు. గుండె రాయి అని కూడా అన్నారు. ఊరందరికీ ఎంత ఉందో ఆమెకు అంతకు పదింతలు ఉంది. ఉండీ తింది. మర్నాడు మళ్ళీ ఆ మెట్ల మీదికే వెళ్ళింది, మళ్ళీ చీల్చింది, మళ్ళీ తింది. నేను పక్కన స్టవ్వు సరిచేస్తూ కూర్చున్నాను. సాయంత్రం మళ్ళీ ఆ గోడ.

మూడో రోజు, వేపుడు వాసన లేస్తుండగా ఇంటి లోపల ఏదో గలాటా వినపడింది. షావుకారుగారి తల్లి, ఎనభై ఏళ్ళు దాటిన మామ్మగారు, కోడలు ఆపుతున్నా వినకుండా గోడ పట్టుకుని బయటికి వచ్చింది. చేతిలో పళ్ళెం.

"నాకొక ముక్క పెట్టవే. నెలయింది చేప తిని. ఈ వయసులో నాకేమవుతుంది? పోతే పోతాను."

"అమ్మా, ఆగండి!" కోడలు చెయ్యి పట్టుకుంది.

"నువ్వూరుకో. మూడ్రోజుల నుంచి దీని వేపుడు వాసనకి నిద్దర పట్టట్లేదు."

గుంపు గుంపంతా నవ్వింది. సునామీ తర్వాత గోల్ ఘర్‌లో అంతమంది కలిసి నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. మామ్మగారు మెట్టు మీద అత్త పక్కనే చతికిలబడి తినడం మొదలుపెట్టింది. అప్పుడు నేను చెయ్యి చాపాను. అత్త ఒక్క క్షణం నా కేసి చూసి, ముల్లు తీసి, నా చేతిలో ముక్క పెట్టింది. నోట్లో పెట్టుకున్నాను. మింగాను. రెండో ముక్క అడిగి తీసుకున్నాను.

ఆ పూట సగం తట్ట అమ్ముడుపోయింది. ఒక్క రోజులో ఊరు మారిపోయిందని అబద్ధం రాయను. అది నెల పట్టింది. కానీ మర్నాటి నుంచి మిగిలిన ఆడవాళ్ళు కూడా స్టవ్వులు పట్టుకుని బయల్దేరారు. హడ్డోలో ఒకామె, డెలానిపూర్ సందుల్లో ఒకామె, మెట్ల మీద కూర్చుని చీల్చి చూపించి, వేయించి తిన్నారు. ఓడ టిక్కెట్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజు సాయంత్రం నేను ఇంటి వెనక్కి వెళితే అత్త అంట్లు తోముకుంటోంది. "ఇయాల నిలిసింది," అంది.

తర్వాత కొన్ని నెలలకు, దొరకని వాళ్ళందరినీ పోయినట్టుగా రాసిన కాగితం ఆమెకూ వచ్చింది. సందులో ఆడవాళ్ళు నలుగురు చేరి గాజులు తీసే తంతు గురించి గుసగుసలాడుతుంటే ఆమె విని బయటికి వచ్చింది. "మీరెవలూ కట్టపడకండి. సేతులు నావే," అని అక్కడే కూర్చుని ఒక్కొక్కటే తీసేసి పక్కన పెట్టింది. రెండు రోజులు తలుపు వేసుకుని ఉంది. మూడో రోజు పొద్దున్న తట్టతో మెట్లెక్కింది.

నా కూతురికి మొదటి నీళ్ళు పోసింది ఆమే. దానికి ముల్లు తీయడం నేర్పిందీ ఆమే. ఇల్లు చాలక మేము గరాచర్మకు మారినప్పుడు ఆమె అలిగింది. "గుట్టెక్కి కూకుంటే సముద్రం రాదనా?" అని దెప్పింది. తనను మాత్రం కదిలించలేకపోయాం. పోటు నీళ్ళు గుమ్మం దాకా వస్తున్నాయని నేలను రెండుసార్లు ఎత్తు చేయించుకుంది. ఇప్పుడు జంగ్లీఘాట్‌కు వచ్చే టూరిస్టులు అక్కడ హోటళ్ళలో చేపలు తిని ఫోటోలు తీసుకుంటారు. కొత్త మేడలు లేచాయి. అయినా సందుల్లో ఇంకా అదే హిందీ, అదే తెలుగు, కుళాయి దగ్గర అదే కేకలు. ఈ ఊరు నిలిచింది ఎవరో నిలబెట్టారు కాబట్టి. ఆ నిలబెట్టిన వాళ్ళలో నా కళ్ళ ముందు నిలబెట్టిన మనిషి ఒకరు ఉన్నారని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా కూతురు తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు. దానికి ఇది నేనే చదివి వినిపించాలి. వాంతుల సంగతి దానికీ తెలియదు. ఇప్పుడు తెలిసినా ఫరవాలేదు. ఇక చేపలు అమ్ముడుపోవన్న భయం అత్తకు ఉండదు.

ఆమెను సాగనంపిన రోజు మొయ్యడానికి మనుషులు వంతులు వేసుకోవలసి వచ్చింది. టీ దుకాణం పెద్దాయన కొడుకులు, కిళ్ళీ కొట్టు ఆయన, గోల్ ఘర్ షావుకారు, రేవు కుర్రాళ్ళు, ఒకరి భుజం మీద నుంచి ఒకరు అందుకున్నారు. ఏ పడవా కదల్లేదు. జంగ్లీఘాట్‌లో ఆ రోజు చేపలు అమ్మలేదు.

అందరూ వెళ్ళాక నేను మార్కెట్ వైపు నుంచి బస్టాపుకు నడిచాను. కడిగేసిన సిమెంటు అరుగుల మీద సన్నగా చినుకులు పడుతున్నాయి. ఒక్క మనిషి లేడు. పది పన్నెండు పిల్లులు మాత్రం ఎప్పటి వేళకే వచ్చి, అరుగుల కింద వరసగా కూర్చుని, తోకలు కాళ్ళ చుట్టూ చుట్టుకుని, గట్టు వైపు నుంచి వచ్చే దారి కేసి చూస్తున్నాయి.